లోపల వదిలిన బట్ట

అరవై నాలుగో ఏట సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్నాను. ఊడిన గుండీ కుట్టుకునే చేతిసూది సంగతి కాదు, కుట్టుమిషను సూది. ముప్పై అయిదేళ్ళు సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి 2020లో పదవీ విరమణ చేసిన తెలుగు పండితురాలిని. ఇక్కడ ఇంతవరకు వ్రాసినవన్నీ ఆ పరిధిలోనివే. కనుక ఈ టపా చూసి “ఈవిడ శార్దూలాన్ని వదిలి సూది పట్టిందేమిటి?” అని మిత్రులు అనుకోవచ్చు. అనుకున్నా నష్టం లేదు. నిరుటి వేసవి నుంచి నా చేతులు చేస్తున్న పని ఇదే. చేతులు చేస్తున్నది ఒకటి, వ్రాసేది మరొకటి కావడం నాకు బాగుండలేదు.

తరగతిలో ముందు సూత్రం చెప్పి తరువాత ఉదాహరణలు చెప్పడం నా అలవాటు. ఇక్కడా అదే పద్ధతి. ఇంట్లో కొత్త బట్ట కుట్టుకోవడం, పాత బట్టను సవరించుకోవడం ఆడా మగా తేడా లేకుండా ప్రతివారూ కొంతైనా నేర్చుకోవాలని నా అభిప్రాయం. డబ్బు మిగులుతుందని కాదు, మిగలదు. ఒక బట్టను బాగుచేయడానికి ఎంత శ్రమ పడుతుందో, ఆ శ్రమకు మనం ఎంత తక్కువ ఖరీదు కడుతున్నామో మన చేత్తో చేస్తేగాని తెలియదు. ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఆ తక్కువ ఖరీదు కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా నాన్నగారు 1966లో పోయారు. అప్పటికి నాకు ఆరేళ్ళు, చెల్లెలికి మూడేళ్ళు. అమ్మ చేతి గాజులు అమ్మి, కాలితో తొక్కే ఉషా మిషను కొన్నది. కృష్ణా డెల్టాలోని ఆ చిన్న ఊళ్ళో మా వీధివాళ్ళ జాకెట్లు, పిల్లల పరికిణీలు, గౌనులు, తలగడ గలీబులు అన్నీ ఆ మిషను మీదే కుట్టేది. నల్లని మిషను తల, దాని మీద బంగారు రంగు అక్షరాలు, క్రింద పోత ఇనుప చట్రం. రాత్రిపూట నేను ఎక్కాలు వల్లె వేస్తుంటే ఆ తొక్కుడు చప్పుడే నాకు తాళం.

కాని ఆ మిషనును మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. “నీ చేతిలో కలం ఉండాలిగాని కత్తెర కాదు. ఈ పని నాతో ఆఖరు” అనేది. చెల్లెలు ఒకసారి బాబిను తీసి బొంగరంలా తిప్పిందని వీపు మీద రెండు అంటించింది. కుట్టు అమ్మకు విద్య కాదు, గతి. గతి లేక పట్టిన పని తన పిల్లలకు అంటకూడదని ఆమె పట్టుదల. ఆ పట్టుదల వలననే నేను భాషాప్రవీణ చదివాను, పండిత శిక్షణ పొందాను, 1985లో ఉద్యోగంలో చేరాను. అమ్మ చేసినది తప్పు అనే సాహసం నాకు లేదు. అయితే ఆ రక్షణకు ఒక మూల్యం ఉన్నది. అది నేను చెల్లించలేదు. నాకు జాకెట్లు కుట్టినవాళ్ళు చెల్లించారు.

చిన్ననాటి దృశ్యం ఒకటి చెబుతాను. మా వీధిలోని ఒక ఇల్లాలు పాత జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చింది. పని అయ్యాక అమ్మ రూపాయి అడిగింది. “కొత్తది కుడితేనే రెండు రూపాయలు. పాతదానికి రూపాయా? విప్పి కుట్టడమేగా!” అని ఆవిడ ముప్పావలా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. తలుపు వెనుక నిలబడి విన్న నాకు ఆ “విప్పి కుట్టడమేగా” చాలాకాలం ములుకులా గుచ్చుకున్నది.

తరువాత పాతికేళ్ళకు అదే మాట నేనే అన్నాను. అప్పటికి ఉద్యోగంలో స్థిరపడ్డాను. ఒళ్ళు వచ్చి జాకెట్లు బిగుతైతే, మూడింటిని సంచిలో వేసుకొని దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఆయన చెప్పిన కూలి విని, “సైజు మార్చడానికే ఇంతా? విప్పి కుట్టడమేగా!” అన్నాను. ఆయన కూడా ఏమీ అనలేదు, తగ్గించి తీసుకున్నాడు. ఎవరి మాట నా నోట వచ్చిందో ఇంటికి చేరాకగాని స్ఫురించలేదు. స్ఫురించిన తరువాతనైనా మరునాడు వెళ్ళి మిగిలిన డబ్బు ఇచ్చానా అంటే, ఇవ్వలేదు.

ఇక నిరుటి వేసవికి వస్తాను. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే మనిషి మా వీధిలోకి వచ్చాడు. అమ్మ 2011లో పోయినప్పటి నుంచి మూలనున్న ఆమె పెట్టె వసారాలోకి తెచ్చి తెరిచాను. రెండు వాయిల్ చీరలు, ఒక నైలెక్స్ చీర, అయిదారు జాకెట్లు, నా మొదటి జీతంతో నేను కొనిపెట్టిన గద్వాల చీర. అతడు అన్నీ కలిపి ఒక బేసిను ఇస్తానన్నాడు. నేను దానికి మూత కూడా కావాలన్నాను. బేరం సాగుతుండగా గద్వాల చీర విప్పి వెలుతురుకు పట్టి, “ఇది పిగిలిపోయిందమ్మా, దీనికేమీ రాదు” అని ప్రక్కన పడేశాడు. నిజమే. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉండడం వలన పట్టు అంచు మడత మడతకూ చిట్లి ఉన్నది. అమ్మ దానిని నాలుగుసార్లు కట్టిందో లేదో. పిగిలినది కట్టడం వలన కాదు, దాచడం వలన. మూత కోసం బేరమాడుతున్న నా నోరు అక్కడ ఆగిపోయింది. పెట్టె తిరిగి లోపలికి తీసుకుపోయాను.

అమ్మ మిషను మా ఇంట్లోనే, పాత పత్రికల బరువు మోస్తూ ఉన్నది. దానిని బాగుచేయించాను. తోలు పట్టా మార్చి, నూనె వేస్తే, ఇన్నేళ్ళ తరువాత కూడా చక్రం తిరిగింది. నేర్పడానికి ఒప్పుకున్నది నా పూర్వ విద్యార్థిని. మా బజారులో చిన్న టైలరింగు కొట్టు నడుపుతున్నది. ఎనిమిదో తరగతిలో సంధి సూత్రాలు రాక నాచేత ఒక్కొక్కటి ఇరవైసార్లు వ్రాయించుకున్న పిల్ల. ఇప్పుడు ఆమె నవ్వు ఆపుకుంటూ, “టీచర్ గారూ, మళ్ళీ విప్పండి” అంటుంది. నేను మారుమాటాడక విప్పుతాను. విద్యలో వయసు లేదని ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పాను. ఆ మాట నా మీదికే వచ్చింది.

తొక్కడమే మొదటి పాఠం. చక్రం ముందుకు తిరగవలసినది వెనక్కు తిరిగితే దారం చిక్కుపడి తెగుతుంది. కాలు ఆగకూడదు, చెయ్యి బట్టను లాగకూడదు; పళ్ళు బట్టను వాటంతట అవే జరుపుకుపోతాయి, మనం దారి చూపితే చాలు. బట్ట క్రింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా పడితే తప్పు క్రింద ఉన్నదనుకున్నాను. సాధారణంగా ఆ తప్పు పైదారంలో ఉంటుందట. సరిగా ఎక్కించకపోవడమో, బిగువు చాలకపోవడమో. పద్యంలో చివరి పాదం కుంటితే లోపం మొదటి పాదంలో వెదకవలసిరావడం నాకు అనుభవమే కనుక ఇది త్వరగా పట్టుబడింది.

మొదటి కుట్టు వేసవి సెలవులకు వచ్చిన మనవరాలి గౌను. ఎనిమిదేళ్ళ పిల్ల, ఛాతీ ఇరవై ఆరు అంగుళాలు. వార్తాపత్రిక మీద నాలుగో వంతు, అంటే ఆరున్నర అంగుళాలు గీసి, ఆ గీత మీదనే కత్తెర నడిపించాను. కుట్టిన తరువాత ఆ గౌను పిల్లకు ఎక్కలేదు. అర అంగుళం చొప్పున రెండు ప్రక్కలా, ముందు వెనుకలా కుట్టులోకి పోయింది. ఇరవై ఆరు కాస్తా ఇరవై నాలుగైంది. ఊపిరి తీసుకోవడానికి, చేతులు పైకెత్తడానికి ఇవ్వవలసిన వదులు కూడా ఇవ్వలేదు. నా గురువు చూసి ఒకే మాట అన్నది: “గీత కుట్టుకండీ, కత్తెరకు కాదు. కత్తెర గీతకు బయట పోవాలి.”

ఆ బయటి భాగమే ఈ టపాకు పేరు. బట్టను కత్తిరించేటప్పుడు కొలతకు మించి కొంత వదులుతాము. అది కుట్టు తరువాత లోపలికి పోతుంది, పైకి కనిపించదు. తొడుక్కునేవారు దానిని చూడరు. కాని బట్ట ఎన్నాళ్ళు బ్రతుకుతుందో నిర్ణయించేది చాలావరకు అదే. మా చిన్నతనంలో పరికిణీ కుట్టించేటప్పుడు “పెరిగే పిల్ల, బట్ట వదిలి కుట్టు” అని చెప్పని తల్లి లేదు. అడుగున రెండు మూడు టక్కులు వేసేవారు, ఏడాదికొకటి విప్పేవారు. విప్పిన చోట మడతలోని రంగు వెలవక, ముదురు గీతలా కనిపించేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయం ప్రార్థన వేళ వరుసలో నిలబడిన ఆడపిల్లల నీలం పరికిణీల అడుగున ఆ గీతలు లెక్కపెట్టేదాన్ని. మూడు గీతలున్న పిల్ల నాలుగో ఏడు అదే పరికిణీ కట్టుకుంటున్నదని తెలిసేది. హాజరుపట్టీలో లేని సంగతి అది. ఆ పిల్లను ఫీజు విషయంలో గట్టిగా అడగకూడదని నాకు ఆ గీతలే చెప్పేవి.

గౌను పాఠం అయ్యాక అమ్మ జాకెట్లు ముందు వేసుకున్నాను. పైన చూస్తే మామూలు నూలు జాకెట్లు. తిరగేసి చూస్తే ప్రక్క కుట్టు దగ్గర పావు అంగుళం ఎడంతో వరుసగా మూడు కుట్లు, ఆ బయట ఇంకా బొటనవేలంత బట్ట. లోపలి కుట్టు ఒకటి విప్పితే ప్రక్క కుట్టు పావు అంగుళం బయటికి జరుగుతుంది; ముందు వెనుకలు, కుడి ఎడమలు కలిపితే చుట్టుకొలత సరిగ్గా ఒక అంగుళం పెరుగుతుంది. రెండు వరుసలు విప్పేసరికి అమ్మ జాకెట్టు నాకు సరిపోయింది. విప్పిన చోట చిలకపచ్చ రంగు కొన్ననాటిలాగే ఉన్నది. మిగిలిన జాకెట్టంతా ఎండకూ చాకిరేవుకూ వెలిసి బూడిద పచ్చగా మారినది. అమ్మకు చివరి ఇరవై ఏళ్ళలో ఒళ్ళు తగ్గిందేగాని పెరగలేదు. మరి తన జాకెట్లలో అంత బట్ట ఎవరి కోసం వదిలిందని నాలో నేను చాలాసేపు వాదించుకున్నాను. బహుశా ఎవరి కోసమూ కాదు. చేతికి అలవాటైన పద్ధతి అది. కాని ఆ అలవాటు అమ్మ చేతికి ఎందుకు వచ్చిందంటే, బట్ట ఒక్కరితో ముగిసిపోదని ఆ కాలం మనుషులందరికీ తెలుసు గనుక.

చీరకు మా ఇంట్లో ఎన్ని అవస్థలు ఉండేవో తలచుకుంటే ఆశ్చర్యం. కట్టి కట్టి పాతబడితే సగం చింపి ఓణీ, ఆపైన పసిపిల్లకు ఉయ్యాల, మెత్తబడిన కొద్దీ పొత్తిగుడ్డలు, ఆపైన నాలుగు పొరలు కలిపి బొంత, చివరికి మసిగుడ్డ. మన భాషలో బట్ట పాడయ్యే తీరుకు ఎన్ని మాటలో చూడండి. ఒరుసుకొని పలచబడితే నలిగింది, మడతల్లో చిట్లితే పిగిలింది, నారలో సత్తువ పోతే చీకింది, కొక్కెం తగిలితే చినిగింది, పోగులు ఊడితే పీలికలైంది. ప్రతి మాట వెనుక వేరొక మరమ్మతు ఉన్నది. చినిగితే కుట్టు, నలిగితే మాసిక, పిగిలితే వెనుక ఆసరా గుడ్డ, చీకితే ఇక మసిగుడ్డే. ఇప్పుడు ఈ అన్నిటికీ కలిపి “పాతదైపోయింది” అంటున్నాము. మరమ్మతులు పోయిన వెంటనే మాటలు కూడా పోయాయి.

ఇక్కడ నా పాత వృత్తి నుంచి ఒక పోలిక తప్పనిసరి. వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండున్నాయి. ఆగమం మిత్రునిలా వచ్చి ఉన్నవాటి ప్రక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదానిని తోసి ఆ చోట కూర్చుంటుంది. ఈ భేదం మాకు గురువులు చెప్పినదే. నేనూ ముప్పై అయిదేళ్ళు చెప్పాను. చంక దగ్గర పట్టేస్తున్న జాకెట్టుకు చిన్న చదరపు ముక్క ఒకటి అతికితే అది ఆగమం. జాకెట్టు పారేసి కొత్తది కొంటే ఆదేశం. భాషకు రెండూ కావాలి. కాని ఆదేశాలే మిగిలి, ఆగమాలన్నీ మరిచిన ఇల్లు ఎలా ఉంటుందో మన బీరువాలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు “విప్పి కుట్టడమేగా” దగ్గరికి వస్తాను. అమ్మ జాకెట్లు నాలుగింటిని సవరించాను. ఒక్కొక్క కుట్టునూ బట్టకు తగలకుండా కత్తిరించి తీయాలి. పాత దారం ముక్కలు ఏరాలి. పాత కుట్టు రంధ్రాలు నీళ్ళు చల్లి ఇస్త్రీ చేసి పూడ్చాలి. నూలుకైతే పూడుతాయి, పట్టుకు పూడవు. పట్టు ఒకసారి పడిన రంధ్రాన్ని మరిచిపోదు. చెయ్యి విప్పకుండా ప్రక్క విప్పలేము. ప్రక్క సవరించాక చెయ్యి తిరిగి అమర్చాలి. నడుము పట్టీ పొడుగు చాలదు, దానికి అతుకు వెదకాలి. వెదికితే ఆ రంగు బట్ట దొరకదు. కొత్త జాకెట్టు కుట్టడానికి నా గురువుకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూశాను. పాతదానిని మార్చడానికి ఆమెకే అంతకంటే ఎక్కువసేపు పట్టింది. కొత్త బట్ట చెప్పినట్టు వింటుంది. పాత బట్ట ముందే ఒకరి ఒంటికి అలవాటుపడి ఉంటుంది. దానితో సంప్రదించి పని చేయాలి. అయినా లోకంలో కొత్తదానికి కూలి ఎక్కువ, పాతదానికి తక్కువ. ఆ ముప్పావలా ఎంత అన్యాయమో, నా బేరం ఎంత అన్యాయమో ఆ నాలుగు జాకెట్లు నాకు చెప్పాయి.

రెడీమేడు బట్టల లోపల చూడండి. కుట్టు ప్రక్కన పావు అంగుళం మించి ఉండదు. ఓవర్‌లాక్ మిషనుకు ఒక చిన్న కత్తి ఉంటుంది. కుడుతూనే అంచును కోసివేస్తుంది. కర్మాగారం దృష్టిలో అది సబబే. ఒక చొక్కాలో అర అంగుళం మిగిలితే వేల చొక్కాలలో ఎన్నో గజాలు మిగులుతాయి. దుర్మార్గం కాదు, లెక్క. కాని ఆ లెక్కలో తొడుక్కునేవాడు రేపు కొంచెం లావవుతాడనే సంగతి లేదు. ఆ చొక్కా తరువాత తమ్ముడు తొడుక్కుంటాడనే ఊహ లేదు. ఆ బట్టను బాగుచేయనక్కరలేదని కాదు, బాగుచేయ వీలులేదని కుట్టేనాడే తీర్మానం అయిపోయింది.

ఇది మన పేదరికపు ముచ్చట అని కొందరు అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ 1941 జూన్‌లో బట్టలకు రేషను పెట్టింది; అది 1949 దాకా సాగింది. 1943లో, ఉన్నదానినే బాగుచేసుకొని వాడుకోండని చెప్పే చిన్న పుస్తకాన్ని అక్కడి ప్రభుత్వమే అచ్చువేయించింది. వంగదేశపు స్త్రీలు పాత చీరల పొరలు కలిపి కుట్టిన కాంథాలు, జపాను రైతులు మాసిక మీద మాసిక వేసి తొడుక్కున్న ‘బోరో’ బట్టలు ఈనాడు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. మా అమ్మమ్మ బొంత అటువంటిదే. దానికి ప్రదర్శనశాల దొరకలేదు, కుక్కపిల్ల దొరికింది.

కుట్టుమిషనును గురించి గాంధీగారి మాట ఒకటి ప్రసిద్ధం. యంత్రాలను అంతగా శంకించిన ఆయన 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో పడే శ్రమ చూడలేక, ప్రేమతో చేసిన యంత్రమని. సింగర్ గృహజీవితం అంత ముచ్చటైనది కాదని అతని చరిత్రలు చెబుతాయి. అయినా గాంధీగారు అడిగిన ప్రశ్న మంచిది: ఈ యంత్రం ఎవరి శ్రమ తగ్గిస్తున్నది? దానికి వ్యతిరేకపు ప్రశ్న అంతకు ముందే పారిస్‌లో లేచింది. 1830లో తిమోనియే అనే దర్జీ కుట్టుయంత్రానికి పేటెంటు పొంది సైనిక దుస్తులు కుట్టించడం మొదలుపెడితే, 1831లో తోటి దర్జీలు తమ కూడు పోతుందని ఆ యంత్రాలను పగులగొట్టారు. మా అమ్మకు మాత్రం ఆ యంత్రమే కూడు పెట్టింది.

“ఇంట్లో అందరూ కుట్టుకుంటే మీ అమ్మవంటివాళ్ళ కూడు ఏమవుతుంది?” అని ఒక మిత్రురాలు అడిగింది. సరైన ప్రశ్న. నా అనుభవం చెబుతాను. కుట్టు నేర్చుకున్న తరువాత నేను దర్జీ దగ్గరికి వెళ్ళడం మానలేదు. బేరం మానాను. నాకు చేతకాని పనులే ఎక్కువ. వాటికి ఎంత నేర్పు కావాలో ఇప్పుడు తెలుసు. పద్యం వ్రాయబోయి విఫలుడైనవాడే పోతన్నకు నిజమైన పాఠకుడని నేను తరగతిలో అనేదాన్ని. ఇదీ అంతే.

గద్వాల చీర సంగతి చెప్పాలి. కత్తిరించబోతున్నానని తెలిసి చెల్లెలు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. “అమ్మ చీర మీద కత్తెర ఎలా పెడతావక్కా?” అన్నది. ఆమె కోపంలో న్యాయం ఉన్నది. పాత చీరలతో గౌనులు కుట్టడం ఇప్పుడొక వేడుక. చెక్కుచెదరని నేత చీరలను కూడా కోస్తున్నారు. అది నాకు సమ్మతం కాదు. నిండుగా ఉన్న చీరను నేతగాడు చీరగానే తలచి నేశాడు. కట్టుకోండి, కట్టుకునేవారికి ఇవ్వండి, ఏడాదికి రెండుసార్లైనా మడత మార్చండి. పిగిలినదానిని మాత్రం దాచడం గౌరవం కాదు, అది నెమ్మదిగా చంపడం. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదనే పోగుకు పోగు కలుపుతారు. నలభై ఏళ్ళకు పట్టు ఓడిపోయింది, నూలు నిలబడింది. నూలు భాగంతో మనవరాలి గౌనుకు గేరు. నడుముకు రెండున్నర రెట్లు బట్ట పెట్టి కుచ్చులు. మడతకూ మడతకూ నడుమ బాగున్న అంచు ముక్కలను ఏరి, వెనుక పలచని మల్లు గుడ్డ ఆసరా ఇచ్చి, నడుము పట్టీకి, చేతుల అంచులకు వేశాను. ఫొటో చూసి చెల్లెలు, “నా మనవరాలికి చాలేంత మిగిలిందా?” అని అడిగింది. మిగిలింది.

బడులలో ఈ విద్యకు ఒకప్పుడు చోటు ఉండేది. 1937లో వార్ధాలో చేతిపని కేంద్రంగా చదువు ఉండాలన్న ఆలోచన వచ్చింది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ సంఘం సామాజికోపయోగ ఉత్పాదక కృత్యాలను పాఠ్యక్రమంలో చేర్చమన్నది. నేను చదివిన ఉన్నత పాఠశాలలో కుట్టు టీచరు ఉండేది, ఆడపిల్లలకే నేర్పేది. నేను పనిచేసిన బడిలో చివరకు ఆ పిరియడు లెక్కలకు పోయింది. తెలుగుకు పోయినా నేను సంతోషించేదాన్నేమో, అబద్ధమెందుకు! 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులపాటు సంచులు లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకోవాలని సూచించింది. ఆ పది రోజులలో రెండు రోజులు ఊరి దర్జీని బడికి పిలవండి. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. దర్జీకి టీచరుతో సమానంగా కుర్చీ వేయండి; రోజుకూలి తగ్గకుండా ఇవ్వండి. పిల్లలు కుట్టు మరిచిపోయినా ఆ కుర్చీని మరిచిపోరు.

మొదలుపెట్టదలచినవారికి నేను తప్పులు చేసి నేర్చుకున్న నాలుగు ముక్కలు. మొదట తలగడ గలీబు, తరువాత లోలంగా, ఆపైననే గౌను. నూలుబట్టను కోయకముందే తడిపి ఆరేయండి. కుంచించుకుపోయేది ముందే పోతుంది. సన్నని పట్టుకు పదకొండో నంబరు సూది, మామూలు నూలుకు పద్నాలుగు. పాడైన మీ పాత జాకెట్టును కుట్లు విప్పి పరిచి చూడండి; ఏ పుస్తకమూ చెప్పలేనంత చెబుతుంది. ప్రతి కుట్టు తరువాత ఇస్త్రీ చేయండి. ప్రక్కల ఒక అంగుళం వదలండి. తప్పుపోతే విప్పండి, విప్పడానికి సిగ్గుపడకండి.

గౌను అడుగున మూడు టక్కులు వేశాను. మనవరాలు దానిని తిరగేసి చూసి, “అమ్మమ్మా, లోపల ఇంత బట్ట వేస్టు చేశావేం?” అని అడిగింది. “వేస్టు కాదే, నువ్వు పొడుగవుతావుగా” అన్నాను. “అప్పుడు కొత్తది కొంటుందిలే అమ్మ” అన్నది. కొంటుంది, నిజమే. నేను వాదించలేదు. వచ్చే వేసవికి ఒక టక్కు ఎలా విప్పాలో దాని చేతనే విప్పించి చూపిస్తాను.

మీ ఇళ్ళలో మూలనున్న మిషను ఏదైనా ఉంటే దాని మీది పత్రికలు దించి ఒకసారి చక్రం తిప్పి చూడండి. తిరిగితే నాకు కూడా ఒక మాట చెప్పండి. ఇక ఉంటాను, చెల్లెలి మనవరాలి గౌనుకు కాజాలు ఇంకా కుట్టవలసి ఉన్నది.